అర మిల్లీమీటరు చెక్కితే ఏమవుతుంది?

స్నూకర్ కర్ర మొదట లావుగా ఉండి కొనకు పోయేకొద్దీ సన్నబడుతుంది. కొన దగ్గర వ్యాసం సాధారణంగా 9.5 నుంచి 10 మిల్లీమీటర్లు. కర్ర మరీ బిర్రుగా ఉందనిపిస్తే కొందరు ఉప్పుకాగితంతో రుద్ది సన్నం చేస్తారు. పొరపాటు జరిగేది ఇక్కడే.

గుండ్రటి కర్ర వంపును తట్టుకునే దృఢత్వం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 10 మిల్లీమీటర్ల చోటును 9.5కు తెస్తే వ్యాసం తగ్గేది 5 శాతమే. దృఢత్వం మాత్రం అక్కడ దాదాపు 18.5 శాతం పడిపోతుంది! ప్రయోజనమూ లేకపోలేదు: కొన తేలికైతే, బంతిని పక్కగా కొట్టినప్పుడు అది గురి నుంచి జరగడం తగ్గుతుంది.

మద్దేడ్ ఉన్న బస్తర్ ప్రాంతపు వెదురు విల్లుకూ ఇలాంటి లెక్కే. బద్ద చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ మందం మూడో ఘాతం వర్తిస్తుంది. విల్లునైతే కాస్త చెక్కి, వంచి చూసి, మళ్లీ చెక్కవచ్చు. స్నూకర్ కర్రను అలా వంచి చూడలేం. తిప్పుతూ పొడవునా సమంగా రుద్ది, మధ్యమధ్య వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. ఒకేచోట ఎక్కువ అరిగితే వంపంతా అక్కడే చేరుతుంది. కొననున్న ఇత్తడి తొడుగు పక్కన చెక్క దానికన్నా సన్నబడితే మెట్టు ఏర్పడి, కొట్టేటప్పుడు వేళ్లకు తగులుతుంది.