కరెంటు పోతే మెలకువ ఎందుకు వస్తుంది?

ఎండాకాలం అనంతపురంలో అర్ధరాత్రి కరెంటు పోతే, ఇంకా చెమట పట్టకముందే చాలామందికి మెలకువ వచ్చేస్తుంది. ఎందుకంటే, అప్పటిదాకా వినిపించిన ఫ్యాను హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది.

మనం నిద్రపోయినా చెవులు వింటూనే ఉంటాయి. శబ్దంలో హఠాత్తుగా వచ్చే మార్పును మెదడు వెంటనే పసిగడుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వీధికుక్క అరుపు ఉలిక్కిపడేలా చేస్తుంది. ఫ్యాను తిరుగుతుంటే అదే అరుపు చాలావరకు ఆ హోరులో కలిసిపోతుంది. దీన్నే మాస్కింగ్ అంటారు.

మరి ఫ్యానుకు ఆ శక్తి ఎలా వచ్చింది? రెక్కలు గాలిని కోస్తుంటే లెక్కలేనన్ని చిన్న సుడులు పుడతాయి. వాటి చప్పుడులో బొంగురు నుంచి కీచు దాకా ఎన్నో స్థాయిల ధ్వనులు కలగలిసి ఉంటాయి. అందుకే రకరకాల శబ్దాలను అది కప్పేయగలదు. వినబడే అన్ని స్థాయిలూ సమాన బలంతో ఉంటే అది వైట్ నాయిస్.

వాన హోరూ ఇలాంటిదే. కానీ మన దగ్గర సాధారణ వర్షపాతమే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వస్తే వచ్చినట్టు. గాలికి మాత్రం కొదవ లేదు, రామగిరి కొండల మీది గాలిమరలే సాక్ష్యం. మిద్దె మీద పడుకునేవాళ్లకు ఆ గాలి హోరే చాలు.

ఇలాంటి హోరు కోసం ఫోన్లో ఏదైనా పెట్టుకుంటే, మాటలున్న పాటలు వద్దు, మెదడు అర్థం వెతుక్కుంటూ కూర్చుంటుంది. సౌండు బాగా తగ్గించి, ఫోను మంచానికి దూరంగా పెట్టండి. పసిపాప ఉన్న గదిలో ఇంకా దూరంగా.