సంక్రాంతి సెలవులు: ఈసారి బొమ్మల కొలువులో ఉదయగిరి కొండ, సోమశిల డ్యామ్.. పిల్లలతో ఇంట్లోనే ఇలా చేయించండి!

సంక్రాంతి సెలవులు ఇచ్చారంటే ఉదయగిరి, ఆత్మకూరు బస్సులు కిటకిటలాడిపోతాయి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో పనులు చేసుకునేవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరికి వస్తారు. పెద్దవాళ్లకు పిండివంటలు, పండగ పనులు ఉంటాయి. మరి పిల్లలకో? అవ్వాతాతల ఇంట్లో ఓ మూల కూర్చుని ఫోన్ చూడటమే. ఉన్న నాలుగు రోజులూ రీల్స్‌లోనే గడిచిపోతే సొంతూరు అంటే వాళ్లకు గుర్తుండేది ఏముంటుంది?

అందుకే ఈసారి ఓ పని చేసి చూడండి. పండగకు పెట్టే బొమ్మల కొలువులో కొన్న సెట్లకు బదులు మన ప్రాంతాన్నే పెట్టండి. పెద్ద ఖర్చేం ఉండదు. పాత పేపర్లు, అట్టపెట్టెలు, మైదా, చెరువు మట్టి, కాస్త ఎర్రమన్ను ఉంటే చాలు. కాకపోతే ఆరడానికి టైం పడుతుంది. భోగికి కనీసం మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి.

ముందు కొండ

రెండు మూడు అట్టపెట్టెల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి తాడుతో కట్టేయండి. చుట్టూ నలిపిన పేపరు ఉండలు కూరితే కొండ ఆకారం వచ్చేస్తుంది. ఇప్పుడు జిగురు. గుప్పెడు మైదాను రెండు గ్లాసుల చల్లటి నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, సన్నటి మంట మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించాలి. ఈ పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే జిగురులో అస్సలు వద్దు. ఉట్టి మైదా జిగురు త్వరగా పులుస్తుంది కాబట్టి ఏ రోజుకు ఆ రోజు కాచుకోవడం మేలు.

చల్లారాక పేపరు ముక్కల్ని అందులో ముంచి కొండ మీద అతికించమనండి. కత్తెర అక్కర్లేదు, చేత్తో చించిన ముక్కలే బాగా అతుక్కుంటాయి. ఒక పొర ఆరాకే ఇంకో పొర. తొందరపడి మూడు పొరలూ ఒకేసారి వేస్తే లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. చివర్లో ఎర్రమన్నును కాస్త జిగురుతో కలిపి పూస్తే రంగులు కొనే పనే లేదు. పైన అగ్గిపెట్టెలు పేరిస్తే కోట గోడ రెడీ. పుల్లలు మాత్రం ముందే తీసి దాచేయండి!

కొండ కడుతుంటే పిల్లలు ఎలాగూ అడుగుతారు, ఈ కోట ఎవరిదని. అప్పుడు చెప్పడానికి మంచి కథే ఉంది. ఒడిశా గజపతుల చేతుల్లో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు చాలా నెలలు ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి నుంచి ఓ బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, దానికోసం పెద్ద గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలోని కృష్ణాలయం అదే. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

ఆ బాలకృష్ణుణ్ని మట్టితో చేయించండి. చెరువు మట్టిని రాత్రంతా నానబెట్టి, రాళ్లు, వేర్లు ఏరేసి చపాతీ పిండిలా పిసకాలి. చేసిన బొమ్మను ఎండలో పెట్టొద్దు. పైభాగం ముందే ఎండి, లోపల తడి ఉండిపోతే పగుళ్లు వస్తాయి. నీడలో ఆరనివ్వాలి. ముక్కు వంకరగా వచ్చినా మీరు సరిచేయకండి, ప్లీజ్. వాళ్ల బొమ్మ అది.

సోమశిల సంగతి

పెన్నా నదికి నీలం రంగు పూసిన అట్ట, డ్యామ్‌కు టూత్‌పేస్ట్ డబ్బాలు సరిపోతాయి. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. చెన్నై నుంచి వచ్చిన పిల్లలుంటే వాళ్లకు ఇంకో మాట కూడా చెప్పొచ్చు. తెలుగుగంగ పథకంలో కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు మీదుగానే చెన్నైకి వెళ్తాయి. వాళ్ల కుళాయికి, ఈ డ్యామ్‌కు చుట్టరికం ఉందన్నమాట.

చెక్క గరిటెలు మరిచిపోవద్దు

ఉదయగిరి అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది చెక్క స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు. నర్ది, బిక్కి, కల్ది, దేవదారి లాంటి కొండ చెట్ల కలపతో చేస్తారు. భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ కూడా ఉంది. ఈ పనిలో ఎక్కువగా ఉన్నది ఆడవాళ్లే. ఊళ్లో పిల్లలకే ఈ సంగతి తెలియకపోతే ఎలా? కొలువులో ఒక మెట్టు వీటికి ఇవ్వండి. వీలైతే రెండు స్పూన్లు కొని, ఎలా చేస్తారో పిల్లలకు చూపించి తీసుకురండి.

ఇంట్లో వాళ్లతో కలప కోయించొద్దు. ఉలి, ఆకురాయి చేతికివ్వొద్దు. అడవిలో పచ్చి కొమ్మలు నరికించడం అసలే వద్దు, అది నేరం. ఐస్‌క్రీమ్ పుల్లలు, కొబ్బరి చిప్ప చాలు. ముందు గరుకు ఉప్పుకాగితం, తర్వాత నున్నటిది పెట్టి రుద్దమనండి. చిప్పను రుద్దేటప్పుడు దుమ్ము లేస్తుంది కాబట్టి ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టి చేయించాలి. నున్నబడ్డాక కాస్త కొబ్బరినూనె పూస్తే నిగనిగలాడుతుంది. ఉప్పు డబ్బాలో వేసుకునే స్పూన్ అయితే వార్నిష్ జోలికి పోకండి. అరగంట రుద్దితే చేతులు నొప్పి పెడతాయి. ఒక గరిటె వెనక ఎంత పని ఉందో అప్పుడు తెలుస్తుంది.

భోగి మంటకు పిడకల దండ

ఇది పిల్లలకు భలే సరదా. ఆవు పేడలో కొంచెం పొట్టు కలిపి బిస్కెట్ల సైజులో తట్టి, మధ్యలో పుల్లతో చిల్లు పెట్టాలి. రోజూ తిరగేస్తూ ఎండబెట్టి, తాడుకు గుచ్చితే దండ. జనవరి ఎండకు ఆరడానికి వారం దాకా పడుతుంది. కాబట్టి పండగ ముందు రోజు వచ్చేవాళ్లు దీన్ని తాతకు ఫోన్ చేసి అప్పగించడమే మంచిది. చేతికి గాయాలున్న పిల్లల్ని పేడ ముట్టనివ్వొద్దు. మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. మంటలో టైర్లు, ప్లాస్టిక్, నైలాన్ బట్టలు వేయొద్దు, ఆ పొగ నేరుగా పీల్చేది చుట్టూ నిలబడ్డ పిల్లలే.

గాలిపటం చేస్తే నూలు దారమే కట్టండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. మెడకు తగిలితే ప్రాణమే పోతుంది, పక్షులకైనా మనుషులకైనా.

కనుమ అయ్యాక కొలువు తీసేటప్పుడు కొండను చెత్తలో పడేయకండి. పాత చీర చుట్టి అటక మీద పెడితే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. బస్సులో కొండ ఎలాగూ పట్టదు. మట్టి బాలకృష్ణుణ్ని మాత్రం పిల్లలు సంచిలో వేసుకుని వెళ్లిపోతారు. విరగకుండా టవల్‌లో చుట్టి ఇవ్వండి.