మెకానికల్ సీటు: చేతికొచ్చే జీతమెంత, మెడకు పడే అప్పెంత?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, మెకానికల్‌లో సీటొచ్చింది, చేరమంటావా?" అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేం. లెక్క ఎలా వేసుకోవాలో మాత్రం చెప్పగలం. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి తరం చదువుకున్నవాళ్లమే. ఆ లెక్క మాకప్పుడు ఎవరూ చెప్పలేదు.

మొదట చూడాల్సింది సీటు ఏ కోటాలో వచ్చిందన్నది. ఐఐటీలు, ఎన్ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. హాస్టలు, మెస్ ఖర్చులే ప్రధానంగా మిగులుతాయి. రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటైతే, కుటుంబ ఆదాయం పరిమితికి లోబడి ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. "ఎలాగోలా సర్దుదాం" అనే ఏజెంటు మాట నమ్మి అందులో చేరితే ఫీజంతా మన నెత్తిమీదే.

ఇక కాగితం మీద ఉచితమైన సీటు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో మొదలైన రీయింబర్స్‌మెంట్ వల్లే వేలాది దళిత కుటుంబాలు ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కాయి. కానీ రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకుపోవడం మామూలైంది. డబ్బు ప్రభుత్వం నుంచి రాకపోతే కాలేజీ ప్రభుత్వాన్ని అడగదు, పిల్లాణ్ని అడుగుతుంది. ఫీజు కడితేనే హాల్ టికెట్, కడితేనే టీసీ అంటుంది. అప్పుడు అమ్మానాన్న ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 60,000 తెస్తారు. నెలకు 1,200 వడ్డీ. సర్కారు డబ్బు 20 నెలలు ఆలస్యమైతే వడ్డీయే 24,000. ఏ పథకమూ తిరిగివ్వని డబ్బు ఇది. ఆలస్యం ప్రభుత్వానిది, వడ్డీ కూలి కుటుంబానిది.

బ్యాంకు అప్పు లెక్క వేరు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లకు 4 లక్షలు, 10 శాతం వడ్డీ అనుకుందాం. చదువుకునే కాలం, ఆ పైన ఇంకో ఏడాది వాయిదా కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. మొదటి లక్షకు ఐదేళ్లు, చివరి లక్షకు రెండేళ్లు, మొత్తం 1.4 లక్షల వడ్డీ చేరి అప్పు 5.4 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు. మొత్తం కట్టేది దాదాపు 8.56 లక్షలు.

కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే ఆ వాయిదా కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. కాలేజీకో కోర్సుకో నాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి, చదువు మధ్యలో మానేయకూడదు. అది దక్కితే కిస్తీ 5,290కి దిగుతుంది. పదేళ్లలో దాదాపు 2.2 లక్షలు మిగులుతాయి. అందుకే చేరేముందే ఆ గుర్తింపు ఉందో లేదో కనుక్కోవాలి. ఇంకో మాట, 4 లక్షల వరకు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదు. పొలం కాగితాలు తెమ్మంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

ఇప్పుడు జీతం. పటాన్‌చెరు, జీడిమెట్ల, శ్రీసిటీ లాంటి చోట్ల మొదటి ఉద్యోగం నెలకు 15,000 అనుకుందాం. కిస్తీకి 7,140, గదికీ తిండికీ 7,000 పోతే మిగిలేది 860. ఇంటికి పంపేదేమిటి? అప్రెంటిస్‌గా చేరితే పరిస్థితి ఇంకా ఇరుకు. 2019 నిబంధనలు గ్రాడ్యుయేట్‌కు పెట్టిన కనీస స్టైపెండ్ 9,000 రూపాయలు. 15,000 జీతం 25,000కు చేరేదాకా తట్టుకోగలమా అన్నదే అసలు ప్రశ్న. వెనక ఆస్తి ఉన్న ఇంటి పిల్లాడు ఆ రెండు మూడేళ్లు ఆగగలడు. మన పిల్లాడు మెషీన్ షాపు వదిలి ఏ పని దొరికితే ఆ పనికి వెళ్లిపోతాడు.

సగటు జీతం చెప్పే పట్టికల్లో కులం ఉండదు. సుఖదేవ్ తోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒకే అర్హతతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకులం పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. డిగ్రీ ఒకటే, అప్పూ ఒకటే, రాబడి ఒకటి కాదు. కొలంబియాలో చదివొచ్చిన అంబేడ్కర్‌కు 1917లో బరోడాలో ఉండటానికి గది దొరకలేదు. ఈ రోజుకీ గది అద్దెకు అడిగితే ఇంటిపేరు అడిగే వీధులు మన నగరాల్లో ఉన్నాయి.

మరి మెకానికల్ దండగా? మేమలా అనం. గేట్ ద్వారా ప్రభుత్వరంగ సంస్థలు, రైల్వేలో జూనియర్ ఇంజనీర్ పోస్టులు ఈ డిగ్రీకి ఉన్న గట్టి దారులు. అక్కడ ఎస్సీలకు రిజర్వేషన్ ఉంది. అయితే పర్మినెంటు పోస్టు కాంట్రాక్టు పనిగా మారిన ప్రతిసారీ ఆ దారి ఇరుకవుతోంది. పాలిటెక్నిక్ చేసి, ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరడం ఇంకో దారి. చదువు ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది.

మేమిచ్చే సలహా చిన్నది. కిస్తీ మొదటి జీతంలో మూడో వంతు దాటేలా ఉంటే ఆ కాలేజీ గురించి మళ్లీ ఆలోచించండి. చేరాక ఒరిజినల్ సర్టిఫికెట్లు వదులుకోకండి. వాటిని కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. విద్యార్థి సంఘాలు అడగాల్సిందీ ఒకటుంది. రీయింబర్స్‌మెంట్ ఆ విద్యాసంవత్సరంలోనే విడుదల కావాలి. ఆలస్యమైతే ఆ వడ్డీ ప్రభుత్వమే కట్టాలి. అప్పటిదాకా ఉచిత సీటు అన్న మాటకు అర్థం లేదు.