కొండలు దగ్గరకొచ్చాయి... నాన్న మసకయ్యారు!

అమీర్‌పేటలో సారథీ స్టూడియో ముందు నుంచి రోజూ నడిచివెళ్ళే కుర్రాళ్ళలో చాలామందికి రెండు కలలుంటాయి. ఒకటి ఉద్యోగం... రెండోది కెమెరా! ఆ రెండో కల కనేవాళ్ళ కోసమే ఈ ముచ్చట.

కెమెరా ఉంది. దానికి తోడు ఇంకొక్క లెన్సు కావాలి. వీపున సంచీ తగిలించుకుని ఊళ్ళు తిరిగేటప్పుడు పనికిరావాలి. చేతిలో డబ్బు మాత్రం ఒక్కదానికే! ఏది కొనాలి? ఈ ప్రశ్నకి నేనొకసారి తప్పు జవాబు చెప్పాను. ఏమైందో వినండి.

1974లో "అల్లూరి సీతారామరాజు" చూసినప్పుడు మా నాన్నకి పదిహేనేళ్ళు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమది. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. సినిమాస్కోప్ అంటే అంతా లెన్సు గారడీయే! విశాలమైన దృశ్యాన్ని కెమెరా లెన్సు అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీదికి ఎక్కిస్తుంది. థియేటర్లో ప్రొజెక్టర్ లెన్సు దాన్ని మళ్ళీ సాగదీసి తెర నిండా పరుస్తుంది. చింతపల్లి ప్రాంతంలో తీసిన ఆ కొండలు నాన్న కళ్ళల్లో అలాగే ఉండిపోయాయి. "ఒక్కసారి ఆ కొండలు చూపించరా" అనేవారు.

సరేనన్నాను. కొండలంటే దూరం, దూరమంటే జూమ్ అని లెక్కవేసి, 70-300 లెన్సు కొనేశాను. డిసెంబరులో ఇద్దరం లంబసింగి చేరాం. తెల్లవారుజాము... పొగమంచు... రోడ్డు పక్కన టీ కొట్టు, దానికి ఒకే ఒక్క బల్బు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని నాన్న చింతపల్లి వైపు చూస్తున్నారు. ఆ ముఖంలో పదిహేనేళ్ళ కుర్రాడు కనిపించాడు నాకు. గబుక్కున నొక్కాను. మసక! జూమ్ తీసేసి, కెమెరాతో వచ్చిన 18-55 తగిలించి నొక్కాను. అదీ మసకే! ఎండెక్కాక కొండల్ని మాత్రం జూమ్ బ్రహ్మాండంగా తీసింది.

ఆ తర్వాత నాన్నకి మోకాళ్ళ ఆపరేషనైంది. ఇక ఘాట్ రోడ్డు ప్రయాణాలు వద్దన్నారు డాక్టరు.

మొన్న ఆ జూమ్ అమ్మేసి, పంజాగుట్టలో ఒక కెమెరా షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనక పెద్దాయన లెన్సులేవీ తీయలేదు. "ముందుగాల నీ పాత ఫోటోలు చూపియ్ తమ్మీ" అన్నాడు. ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశామో ఫోటో ఫైలు వివరాల్లోనే రాసి ఉంటుంది కదా! ఇద్దరం కూర్చుని చూశాం. నాకు నచ్చినవన్నీ 30, 40 మధ్యలోవే! అన్నీ మనుషులవే!

మీరూ అలాగే చూసుకోండి. చేజారిన ఫోటోలు ఎందుకు చేజారాయి? ముందుకి వెళ్ళలేకా? అయితే జూమే కొనండి. కొల్లేటి ఆటపాకలో గూడబాతుల దగ్గరకి మనం ఈదుకుంటూ వెళ్ళలేంగా! వెనక్కి అడుగు వేసే చోటు లేకా? బొర్రా గుహల్లాంటి చోట్ల అదే ఇబ్బంది. 10-18 లాంటి వెడల్పు లెన్సు తీసుకోండి. వెలుగు చాలకా? నాదీ జబ్బే!

అందుకే 35 మిల్లీమీటర్ల లెన్సు కొన్నాను. జూమ్ లేదు. మనమే ముందుకీ వెనక్కీ నడవాలి. కానీ 35 దగ్గర నా పాత లెన్సు ఎఫ్ 4.5 దాకానే తెరుచుకుంటే, ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది. అంటే ఆరు రెట్లకు పైగా వెలుగు! సెకనులో పదో వంతు పట్టే చోట అరవయ్యో వంతు చాలు. చెయ్యి వణికినా ఫోటో అంతగా వణకదు. బరువు 200 గ్రాములే. ఆ జూమ్ దీనికి రెట్టింపు బరువు. కొండ ఎక్కేటప్పుడు ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

అన్నట్టు, పాతది కొంటే లెన్సులోకి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే అది బూజు. బేరమే వద్దు! అసలు కొనేముందు ఒక రోజు అద్దెకు తెచ్చి చూడటం ఇంకా మేలు.

ఆ రాత్రి అమీర్‌పేటలో మా గదిలో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో నాన్న టీ తాగుతున్నారు. నొక్కాను. కళ్ళజోడు, దాని మీద ఆవిరి... అన్నీ పడ్డాయి!

నాన్న కెమెరా అందుకుని చాలాసేపు చూశారు.

"బాగానే ఉంది గానీ... కొండలేవిరా?" అన్నారు.