అడవి అంచు నుంచి ఖమ్మం యార్డు వరకు: మిర్చి ధర నిర్ణయమయ్యే తీరు
(ప్రత్యేక వ్యాసం)

సంక్రాంతి వెళ్లినది మొదలు ఉగాది దాటేవరకు ఖమ్మం వ్యవసాయ మార్కెట్ యార్డు మిర్చి బస్తాలతో నిండి ఉంటుంది. తేజ రకం మిర్చికి ఈ మార్కెట్ పేరుపొందినది. ఖమ్మం జిల్లా మండలాల నుంచే కాక గోదావరి ఎడమ గట్టున అడవిని ఆనుకొని ఉన్న దుమ్ముగూడెం, చర్ల మండలాల వంటి ప్రాంతాల రైతులు కూడా మిర్చిని విస్తారంగా పండిస్తున్నారు. చర్ల నుంచి భద్రాచలం మీదుగా ఖమ్మం చేరేందుకు 150 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం చేయవలసి ఉన్నది. ఇంత దూరం సరుకు తెచ్చిన రైతు ఆ రోజు పలికిన ధర నచ్చకపోయినా తిరిగి ఇంటికి తీసుకుపోలేడు. అందువల్ల యార్డుకు బయలుదేరక ముందే ధరను గురించి తెలుసుకొనవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

జెండా పాట అనగా ఏమి?

ఖమ్మం యార్డులో ప్రతి పనిదినం ఉదయం జెండా పాటతో క్రయవిక్రయాలు ప్రారంభమవుతాయి. ఆనాడు వచ్చిన సరుకులో నాణ్యమైన ఒక రాశిని ఎంచి, వ్యాపారుల సమక్షంలో పాట పెడతారు. ఆ పాటలో పలికిన ధర ఆ రోజుకు గరిష్ఠ ధరగా వెల్లడి అవుతుంది. మరునాడు పత్రికలలో కనిపించేది సాధారణంగా ఈ ధరయే.

అయితే జెండా పాట ధర యార్డులోని అన్ని రాశులకు వర్తించే ధర కాదు. మిగిలిన రాశులను ఖరీదుదారులు విడివిడిగా పరిశీలించి, రంగు, తేమ, తాలు శాతం, కాయ పరిమాణం, తొడిమ స్థితి ఆధారంగా ధర నిర్ణయిస్తారు. ఎక్కువ మంది రైతులకు అందేది జెండా పాట కంటే తక్కువ ధరయే. జెండా పాట ధర రైతు చేతిలో లేదు. కానీ ఆ ధరకు, తన రాశికి పలికే ధరకు మధ్యగల వ్యత్యాసాన్ని తగ్గించుకొనే అవకాశం కొంతవరకు రైతు చేతిలోనే ఉన్నది.

కాలానుగుణంగా రాబడి

మిరప నారు జూలై, ఆగస్టు మాసాలలో పోసి, ఆగస్టు, సెప్టెంబరులలో నాటడం పరిపాటి. డిసెంబరు చివరి నుంచి తొలి కోత కాయ మార్కెట్‌కు రావడం మొదలై, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు రాబడి ఉద్ధృతంగా ఉంటుంది. గోదావరి తీర గ్రామాలకు ఇందులో ఒక ప్రత్యేక సమస్య కలదు. నాట్ల కాలమే నదికి వరద కాలం. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఇంతటి వరదలు అరుదైనప్పటికీ, సాధారణ సంవత్సరాలలో సైతం లంకలలోను, ఒడ్డు భూములలోను నీరు తీసి, నేల ఆరిన తరువాతనే నాటవలసి వస్తున్నది. నాటు ఆలస్యమైనచో కోత కూడా ఆలస్యమై, యార్డు నిండి ఉన్న రోజులలోనే ఆ సరుకు వచ్చి చేరుతుంది.

రాబడి ఉద్ధృతిని పెంచే మరొక కారణం సెలవులు. పండుగలకు, వరుస సెలవులకు యార్డు మూతపడి తిరిగి తెరచిన రోజున అన్ని గ్రామాల సరుకు ఒక్కసారిగా వస్తుంది. అట్టి రోజున ఖరీదుదారునికి తొందర ఉండదు. తొందర రైతుకే ఉంటుంది. యార్డు పని దినాలను ముందుగా విచారించి బయలుదేరడం ఖర్చు లేని జాగ్రత్త.

తేమ – తూకం లెక్క

పండు మిరపకాయలో ముప్పాతిక వంతు వరకు నీరే ఉంటుంది. నూరు కిలోల పచ్చి పండు కాయను ఎండబెట్టగా 25 నుంచి 35 కిలోల ఎండు మిర్చి మాత్రమే లభిస్తుంది. నిల్వకు, ఎగుమతికి తగిన తేమ 10 నుంచి 11 శాతం. తేమ ఎక్కువగా ఉంటే తూకం పెరుగుతుందని భావించి కొందరు పూర్తిగా ఆరకముందే బస్తాలకు ఎత్తడం కద్దు. ఇందులో లాభనష్టాలను లెక్క వేసి చూడవలసి ఉన్నది.

ఉదాహరణకు, 14 శాతం తేమగల క్వింటాలు మిర్చిలో అసలు పదార్థం 86 కిలోలు. దీనిని 10 శాతం తేమకు ఆరబెట్టినచో తూకం సుమారు 95.5 కిలోలకు తగ్గుతుంది. తేమ సరుకుకు క్వింటాలు ధర రూ. 12,000 అనుకుంటే, ఆరబెట్టిన సరుకుకు రూ. 12,560 పలికినప్పుడు రైతుకు ఉభయత్రా సమానమే. అనగా ధరలో వ్యత్యాసం రూ. 560కి మించిన ప్రతిసారీ ఆరబెట్టినవారికే లాభం. వ్యత్యాసం అంతకంటే తక్కువగా ఉన్న రోజున మాత్రం తేమ సరుకు అమ్మినవారు నష్టపోరు. అయితే ఆనాడు అమ్ముడుపోక బస్తాలలో మిగిలిన తేమ సరుకు బూజు పట్టి, రంగు చెడి, మరునాడు మరింత తక్కువకు పోతుంది.

బూజు వలన కలిగే హాని ధరతో ముగిసేది కాదు. కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విష పదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. యూరోపియన్ యూనియన్ దేశాలు మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్‌ను కిలోకు 10 మైక్రోగ్రాములకు మించనీయవు. కాయలను నేల మీద కాక, టార్పాలిన్లపై గాని సిమెంటు కళ్లాలపై గాని పలుచగా పరచి, రాత్రివేళ మంచు పడకుండా కప్పి ఉంచడం, బస్తాలకు ఎత్తేముందు నీరు చల్లకుండుట ఇందుకు తగిన నివారణలు.

తాలు వేరుచేయడం

రంగు తేలిపోయిన కాయలను, మచ్చ కాయలను తాలు అంటారు. మంచి కాయలో తాలు కలిసి ఉన్నచో రాశి మొత్తానికి ధర తగ్గుతుంది. నూరు కిలోలలో 5 కిలోల తాలు కలిసిన సరుకు రూ. 11,000 పలికిందని అనుకుందాం. అదే సరుకును వేరుచేసి, 95 కిలోల మంచి కాయను క్వింటాలు రూ. 12,000 చొప్పున, 5 కిలోల తాలును రూ. 5,000 చొప్పున అమ్మినచో మొత్తం రూ. 11,650 వస్తుంది. అదనంగా లభించిన రూ. 650లో ఏరుడు కూలి పోగా మిగిలినది రైతుకు దక్కుతుంది. ఈ ధరలు లెక్క కొరకు తీసుకున్నవే; ఏ రోజుకారోజు యార్డు ధరలను బట్టి రైతులు తమ లెక్క తాము వేసుకొనవలెను.

ఏరుడుకు, కోతకు మనుషులు కావాలి. అడవి అంచు మండలాలలో కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి ఆదివాసీ కూలీలు కుటుంబాలతో సహా వస్తారు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు వీరిలో అనేకులు కోతలు విడిచి అడవి దారులలో కాలినడకన స్వస్థలాలకు వెళ్లవలసి వచ్చింది. సకాలంలో కోయని కాయ చెట్టు మీదనే రంగు తప్పుతుంది. యార్డులో మెచ్చుకొనే ఎరుపులో ఈ కూలీల శ్రమ ఎంత ఉన్నదో ఆ ఏడు స్పష్టమైనది.

ధరల ఎగుడుదిగుళ్లు

మిర్చి కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో లేదు. ఇక్కడొక విశేషం గమనింపదగినది. ఏజెన్సీలో ఒకే ఇంటివారు అడవి నుంచి చింతపండు తెస్తారు, చేను నుంచి మిర్చి తెస్తారు. చిన్న తరహా అటవీ ఫలసాయానికి 2013-14లో కనీస మద్దతు ధర పథకం ప్రారంభమైంది. 2020 మే మాసంలో గింజతో కూడిన చింతపండుకు కిలో రూ. 36గా ధర సవరించబడింది. అటవీ ఫలసాయాన్ని కొనేందుకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వంటి వ్యవస్థ కూడా కలదు. పెట్టుబడి ఎన్నో రెట్లు అధికమైన మిర్చికి మాత్రం అట్టి ఆధారం లేదు.

తేజ రకం కారం అధికంగా గలది కావడం వలన చైనా, బంగ్లాదేశ్, థాయిలాండ్ వంటి దేశాలకు ఎగుమతి అవుతున్నది. కారపు సారం తీసే పరిశ్రమలు కూడా దీనిని కొంటాయి. అందువల్ల విదేశీ కొనుగోళ్లు తగ్గిన వెంటనే ఆ ప్రభావం యార్డులో కనిపిస్తుంది. దీనికి తోడు నిరుటి ధరను చూసి ఈ యేటి నాట్లు వేయడం వలన ధరలు ఉయ్యాల వలె ఊగుతున్నాయి. 2016లో క్వింటాలు రూ. 10,000 దాటిన ధరను చూసి సాగు విస్తరించగా, 2017 వేసవిలో ధర రూ. 5,000 లోపుకు పడిపోయింది. ఖమ్మం యార్డులో రైతుల ఆందోళన జరిగిన ఆ సమయంలోనే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు రూ. 5,000 ధర ప్రకటించింది. 2021-22లో నల్ల తామర పురుగు పంటను దెబ్బతీయగా, సరుకు కొరత వలన తదుపరి ధర రూ. 20,000 దాటింది. తిరిగి సాగు పెరిగి ధర తగ్గడంతో, 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ రైతుల కొరకు రూ. 11,781 జోక్య ధర ప్రకటించవలసి వచ్చింది. ధర ఉచ్ఛస్థితిలో ఉన్న ఏడాది తరువాతి నాట్లే ఎక్కువ ప్రమాదకరమని ఈ అనుభవాలు తెలుపుతున్నాయి.

నిల్వ, అప్పు, రశీదు

ధర పడిన రోజున అమ్మకుండా ఆగగలిగినవారికి శీతల గిడ్డంగి ఆధారం. 4 నుంచి 7 డిగ్రీల చల్లదనంలో మిర్చి రంగు చాలాకాలం నిలుస్తుంది. తేమ తగ్గించిన సరుకును మాత్రమే నిల్వ చేయవలెను. అయితే గిడ్డంగి అద్దె, అప్పుపై వడ్డీ కలిపి నెలకు ఎంత అవుతుందో, ధర అంతకు మించి పెరిగే అవకాశం ఉన్నదో లేదో ఆలోచించవలసి ఉన్నది. గిడ్డంగి రశీదును తాకట్టు పెట్టి బ్యాంకు రుణం పొందేందుకు 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం మార్గం కల్పించింది. పెట్టుబడికి అప్పు ఇచ్చిన వ్యాపారికే కళ్లంలో పంట అప్పగించే రైతుకు జెండా పాటతో గాని, గిడ్డంగితో గాని ప్రయోజనం లేదు. అడవి అంచు గ్రామాలలో ధర సమస్య మొదలయ్యేది యార్డులో కాదు, నాట్లనాటి అప్పులోనే. సకాలంలో సంస్థాగత రుణం అందడం ఇందుకు మూల పరిష్కారం. నలుగురైదుగురు చిన్న రైతులు కలిసి ఒకే వాహనంలో సరుకు తరలించడం, ఒకే రకం కాయను ఒకే రాశిగా చూపడం వలన కిరాయి తగ్గి, ఖరీదుదారుల ఆసక్తి పెరుగుతుంది.

అమ్మకం ముగిసిన పిమ్మట తక్‌పట్టీ తప్పక తీసుకొనవలెను. అందులో బస్తాల సంఖ్య, తూకం, ధర, మినహాయింపులు విడివిడిగా నమోదై ఉన్నవో లేదో చూచుకొని, సందేహమున్నచో యార్డు విడిచి వెళ్లకముందే మార్కెట్ కమిటీ కార్యాలయంలో తెలుపవలెను. మార్కెట్ కమిటీలు 1966 నాటి మార్కెట్ల చట్టం కింద ఏర్పడినవి ఇందుకొరకే. 150 కిలోమీటర్ల దూరం వచ్చిన రైతు చేతిలో, సొమ్ముతోపాటు, తన సరుకుకు ఆ ధర ఎందుకు పలికినదో తెలిపే కాగితం కూడా ఉండవలెను. మరుసటి ఏడు అతడు వేసుకొనే లెక్కకు అదే ఆధారం.