మంచును తొలగించే వాహనాలు – చక్రాల గొలుసులు

పరిచయం

ఘర్షణ బలం అభిలంబ ప్రతిచర్యకు అనులోమానుపాతంలో ఉంటుందని గత భాగంలో తెలుసుకున్నారు. ఈ సూత్రం నిజ జీవితంలో ఎలా అన్వయిస్తుందో ఇప్పుడు చూద్దాం.

కాశ్మీర్ లోయను లడఖ్‌తో కలిపే జోజిలా కనుమ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో అక్కడ మంచు పేరుకొని రాకపోకలు నిలిచిపోతాయి. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ సిబ్బంది యంత్రాలతో మంచును తొలగించి దారి తెరుస్తారు. ఇటువంటి దారులలో మంచును తోసే వాహనమే జారితే లోయలో పడే ప్రమాదం ఉంది. అందుకే టైర్లకు ఉక్కు గొలుసులు బిగిస్తారు.

బరువు పెంచితే చాలదా?

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే 4,000 కిలోగ్రాముల వాహనాన్ని తీసుకుందాం. మంచును తోయడానికి 6,000 న్యూటన్ల బలం అవసరమనుకుందాం. సమతలంపై అభిలంబ ప్రతిచర్య 4,000 × 9.8 = 39,200 న్యూటన్లు.

పొడి రోడ్డుపై ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, లభించే గరిష్ఠ ఘర్షణ బలం 27,440 న్యూటన్లు. గట్టిపడిన నున్నని మంచుపై గుణకం 0.1 అయితే ఆ బలం 3,920 న్యూటన్లే. కాబట్టి ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి.

వాహనంలో బరువు వేస్తే సమతలంపై పట్టు కొంత పెరుగుతుంది. కాని వాలుపై బరువుతోపాటు కిందికి లాగే బలం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. జారడం మొదలయ్యే కోణపు టాంజెంట్ విలువ ఘర్షణ గుణకానికి సమానం. ఇందులో ద్రవ్యరాశికి చోటు లేదు. గుణకం 0.1 అయినప్పుడు, బ్రేకు వేసి నిలిపిన వాహనం కూడా సుమారు 6 డిగ్రీల వాలులోనే జారిపోతుంది.

గొలుసు పనిచేసే విధానం

టైరుపై అడ్డంగా ఉండే లంకెలు తక్కువ వైశాల్యంతో నేలను తాకుతాయి. అందువల్ల పీడనం పెరిగి అవి మంచులోకి దిగుతాయి. అప్పుడు ఉపరితల ఘర్షణకు తోడు, లంకెకు అడ్డుగా ఉన్న మంచు కూడా ప్రతిఘటననిస్తుంది. దమ్ము చేసే ట్రాక్టరు కేజ్‌వీల్స్ పట్టీలు బురదలో పట్టు సాధించేది కూడా ఇలాగే.

జాగ్రత్తలు

1. ఇంజను శక్తి అందే చక్రాలకు గొలుసులు తప్పనిసరి. ముందు చక్రాలకే బిగిస్తే, పల్లంలో బ్రేకు వేసినప్పుడు వెనుక భాగం పక్కకు జారవచ్చు. కనుక నాలుగింటికీ బిగించడం మేలు.
2. కొద్ది దూరం నడిపాక ఆపి, గొలుసులను మళ్లీ బిగించాలి. వదులైన గొలుసు బ్రేకు గొట్టాలను దెబ్బతీయవచ్చు.
3. నెమ్మదిగా నడపాలి. మంచు లేని రోడ్డుపై గొలుసులు తీసివేయాలి. లేకపోతే గొలుసులూ రోడ్డూ అరిగిపోతాయి.

గొలుసు పట్టును పెంచుతుందే గాని, జారే ప్రమాదాన్ని పూర్తిగా తొలగించదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై వాహనంలో 1,000 కిలోగ్రాముల ఇసుక బస్తాలు వేస్తే, గొలుసులు లేకుండా సమతలంపై ఆ నున్నని మంచు మీద నిలిచి 6,000 న్యూటన్ల బలంతో తోయగలదా? లెక్కించండి.
2. అదే ఇసుక 8 డిగ్రీల వాలుపై వాహనం జారడాన్ని ఆపగలదా? కారణం తెలపండి.