బటన్ నొక్కితే మోగేది ఎవరి ఫోను?

కాలేజీలు తెరిచిన కొత్తలో చాలా చోట్ల పోలీసులు వచ్చి అవగాహన సదస్సు పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన దిశ యాప్‌ను విద్యార్థినులతో అలాగే డౌన్‌లోడ్ చేయించారు. ప్రభుత్వం మారాక 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి, ఒంటరిగా ప్రయాణించే మహిళల కోసం 2024లో టీ సేఫ్ మొదలైంది. ఏ సదస్సులోనైనా చెప్పేది ఒకటే, ఆపద వస్తే బటన్ నొక్కండి అని. నొక్కాక ఆ కబురు ఎవరికి చేరుతుంది, వాళ్లు ఏం చేయాలి, చేయకపోతే మనం ఎక్కడికి వెళ్లాలి అన్న సంగతి మాత్రం చెప్పకుండానే సదస్సు అయిపోతుంది. దళిత, ఆదివాసీ విద్యార్థులకు ముందుగా తెలియాల్సింది ఆ సంగతే. ఈ వ్యాసంలో దాన్నే వివరిస్తున్నాం.

ముందు 112 గురించి. దేశమంతటికీ ఇదొక్కటే అత్యవసర నంబర్. కాల్ రాష్ట్ర స్థాయి కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి దగ్గర్లోని పోలీసు బండికి కబురు పోతుంది. దీనికోసం స్మార్ట్ ఫోనే ఉండాలని లేదు. 2017 జనవరి 1 తర్వాత మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ పానిక్ బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. బటన్ల ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కిపట్టాలి. స్మార్ట్ ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదుసార్లు నొక్కాల్సి ఉంటుంది. మీ ఫోన్‌లో ఏ పద్ధతి ఉందో సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అన్నచోట ఈరోజే చూసి పెట్టుకోండి.

ఇంట్లో నుంచి డబ్బు వచ్చేదాకా రీచార్జ్ చేయించుకోలేని విద్యార్థులు మనలో ఎక్కువ. అందుకే ఈ తేడా గుర్తుంచుకోవాలి. యాప్ పనిచేయాలంటే చాలాసార్లు డేటా కావాలి. 112 కాల్‌కు బ్యాలెన్స్ అక్కర్లేదు, ఫోన్ లాక్‌లో ఉన్నా చేయవచ్చు, మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ అందితే కలిసే వీలుంది. ఫోన్ మన చోటును దానంతట అదే పంపుతుందని మాత్రం నమ్ముకోవద్దు. నాలుగంతస్తుల హాస్టల్‌లో గది ఎక్కడుందో జీపీఎస్ చెప్పలేదు. కాల్ కలవగానే కాలేజీ పేరు, బ్లాక్ పేరు, అంతస్తు, ఏ గేటు నుంచి రావాలో చెప్పేయాలి. ఫిర్యాదు నంబర్ అడిగి, ఎన్ని గంటలకు చేశారో రాసిపెట్టుకోవాలి. అది తర్వాత ఎందుకు అక్కరకొస్తుందో కింద చెబుతాం.

ఇంతవరకు యంత్రం పని. అసలు చిక్కు అవతల ఫోన్ ఎత్తే మనిషితో. దిశ అన్న పేరు 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో జరిగిన ఘోరం నుంచి వచ్చింది. ఆమె చెల్లెలికి బదులు 100కు ఫోన్ చేసి ఉండాల్సిందని అప్పటి మంత్రి ఒకరు అన్నారు. అదే రాత్రి కుటుంబ సభ్యులు పోలీసుల దగ్గరికే వెళ్తే, ఇది మా పరిధి కాదంటూ తిప్పారు. ఆ తర్వాత ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. 2017 సెప్టెంబర్‌లో బనారస్ హిందూ యూనివర్సిటీలో వేధింపులకు గురైన విద్యార్థిని, తాను కేకలు వేసినా దగ్గర్లో ఉన్న సెక్యూరిటీ గార్డులు కదల్లేదని చెప్పింది. పైగా, ఆ వేళప్పుడు బయట ఎందుకున్నావని తననే అడిగారని చెప్పింది. ఈ రెండుచోట్లా లోపించింది యాప్ కాదు.

కబురు అందాక కూడా

ఈ పరికరాలన్నీ ఒక ఊహ మీద తయారయ్యాయి: ఆపద రాత్రిపూట వస్తుంది, దారిలో వస్తుంది, ముక్కూ మొహం తెలియనివాడి రూపంలో వస్తుంది. అలాంటి ఆపద మనకు లేదని కాదు, దళిత స్త్రీలకు మరీ ఉంది. అయితే యూనివర్సిటీల్లో మన పిల్లలను బలితీసుకున్నది ఎక్కువగా పట్టపగలు, డిపార్ట్‌మెంట్‌లో, తెలిసినవాళ్ల చేతుల్లో, నెలల తరబడి సాగిన వేధింపు. దానికి ఏ బటన్ నొక్కాలి?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సస్పెండైన ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల 2015 డిసెంబర్ 18న వైస్ చాన్సలర్‌కు స్వయంగా లేఖ రాశాడు. దళిత విద్యార్థులను ఏ స్థితికి నెట్టారో అందులో చేదుగా, సూటిగా చెప్పాడు. అంతకంటే స్పష్టమైన ప్రమాద హెచ్చరిక ఉండదు. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. ఆ మధ్యలో నెల రోజులున్నాయి. హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన విద్యార్థులు ఆవరణలో వెలివాడ వేసుకుని చలిలో పడుకున్నారు, యంత్రాంగం కళ్లముందే.

ముంబయిలో పీజీ వైద్య విద్యార్థిని, తడ్వీ ఆదివాసీ సమాజానికి చెందిన పాయల్ తడ్వీ 2019 మే 22న చనిపోయారు. సీనియర్ల వేధింపుల గురించి ముందే ఆస్పత్రికి చెప్పామని ఆమె కుటుంబం అంది. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చదువుతున్న గిరిజన విద్యార్థిని ప్రీతి 2023 ఫిబ్రవరి 26న చనిపోయారు. ఆమె తండ్రి రైల్వే రక్షణ దళంలో పనిచేసే మనిషే, కూతురి బాధను ముందుగానే పోలీసుల దృష్టికి తీసుకెళ్లానని ఆయన చెప్పారు. సీనియర్‌పై అట్రాసిటీ చట్టం, ర్యాగింగ్ నిరోధక చట్టం కింద కేసు పెట్టింది తర్వాతే. ఢిల్లీ ఐఐటీలో 2023లో చనిపోయిన ఇద్దరు విద్యార్థుల కుటుంబాలైతే, కుల వివక్ష ఆరోపణలున్నాయి, ఎఫ్ఐఆర్ రాయండి అని అడుగుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2025 మార్చి 24న కోర్టు ఆదేశించాక గానీ ఆ పని కాలేదు.

ఇన్ని చోట్లా కబురు వెళ్లింది. అందుకున్నవాళ్లు అందుకోనట్టు ఉన్నారు. కాబట్టి కాలేజీలో అలర్ట్ వ్యవస్థ గురించి మాట్లాడేటప్పుడు మనం అడగాల్సింది కొత్త యాప్ కాదు. ఫలానా గంటలోగా ఫలానా అధికారి ఈ పని చేయాలి, చేయకపోతే శిక్ష అనే రాత ఎక్కడుందని అడగాలి.

అలాంటి రాత ర్యాగింగ్ విషయంలో ఉంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రింబవళ్లు పనిచేయాలి, నేరం జరిగిందని తెలిసిన 24 గంటల్లో విద్యాసంస్థ అధిపతి ఎఫ్ఐఆర్ పెట్టించాలి. చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. 2016లో చేసిన సవరణతో కులం పేరుతో తోటి విద్యార్థిని శారీరకంగా, మానసికంగా హింసించడం, వెలివేసినట్టు చూడటం కూడా ర్యాగింగ్ కిందికే వస్తాయి. సీనియరే అయి ఉండాలని, మొదటి సంవత్సరమే అయి ఉండాలని ఏమీ లేదు. కులం పేరుతో తిట్టారని చెబితే ఇది మా పరిధి కాదనే కమిటీకి ఈ సవరణను చూపించండి.

అదే కుల వివక్షకు నేరుగా వస్తే కథ వేరు. 2012 యూజీసీ నిబంధనల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని ఉంది గానీ, తొందరపెట్టే గడువులు, గట్టి శిక్షలు లేవు. రోహిత్, పాయల్‌ల తల్లులు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ పోరాటం ఫలితంగా 2026 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటిలో 24 గంటల ఈక్విటీ హెల్ప్‌లైన్ ఉంది, ఫిర్యాదు వచ్చిన 24 గంటల్లో కమిటీ కూర్చోవాలని ఉంది. ఆధిపత్య కులాల విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నిబంధనలు అస్పష్టంగా ఉన్నాయి, దుర్వినియోగం కావచ్చు అంటూ సుప్రీంకోర్టు జనవరి 29న స్టే ఇచ్చి, 2012 నిబంధనలే కొనసాగాలంది. ర్యాగింగ్‌కు ఏళ్లుగా ఉన్న హెల్ప్‌లైన్‌కు రాని దుర్వినియోగం భయం కులం మాట రాగానే ఎందుకొచ్చిందో మాకైతే అర్థం కాలేదు. బహుశా బాగానే అర్థమైంది.

మన గొలుసు మనమే

కాబట్టి చేతిలో ఉన్నవాటితోనే పని నడపాలి. 2021 డిసెంబర్ నుంచి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదుల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14566 ఉంది. అది 24 గంటలూ పనిచేసే ఉచిత నంబర్. బండి పంపేది 112, కేసు నమోదు కోసం వెంటపడటానికి 14566. రెంటినీ కలిపేసుకోవద్దు. మనసు తట్టుకోలేని స్థితిలో ఉంటే టెలి మానస్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఇది బలహీనులకని అనుకోవద్దు.

యంత్రాంగం కంటే ముందు కదిలేది స్నేహితులు. ముగ్గురిని ఎంచుకోండి: ఒకరు అదే హాస్టల్‌లో, ఒకరు అదే ఊళ్లో, ఒకరు కాలేజీతో ఏ సంబంధం లేని మనిషి, వీలైతే సంఘంలో పనిచేసేవారో వకీలో. ఆ మూడో మనిషి మీద కాలేజీ ఒత్తిడి పనిచేయదు. మార్కులు, టీసీ, స్కాలర్‌షిప్ సంతకం అని భయపెట్టడానికి లేదు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పంపవచ్చు. ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చేటప్పుడు 8 గంటలది పెట్టి, దిగాక ఆపేయండి. వాళ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచండి. ఫోన్ లాక్కుంటే కంఠస్తం రాని నంబర్ ఎందుకూ పనికిరాదు.

ఈ లొకేషన్ వార్డెన్‌కో యాజమాన్యానికో ఎప్పుడూ కనిపించేలా పెట్టమంటే మాత్రం ఒప్పుకోవద్దని మా సలహా. విద్యార్థుల భద్రతపై యూజీసీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎత్తైన ప్రహరీ, దాని మీద ముళ్లకంచె, బయోమెట్రిక్ హాజరు ఉన్నాయి. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లకు చీకటి పడకముందే తాళం వేస్తుంటే, అదే ఏడాది ఢిల్లీలో పింజ్రా తోడ్ ఉద్యమం పుట్టింది. ధర్నాలో ఎవరు కూర్చున్నారో వెతకడానికి తిరిగే కెమెరా, గార్డు చేయి చేసుకున్నప్పుడు పనిచేయడం లేదంటారు. అలాంటప్పుడు అదేరోజు ఫుటేజీ భద్రపరచమని రాతపూర్వకంగా అడగాలి, ఎందుకంటే కొన్నాళ్లకు పాత రికార్డింగ్ మీదే కొత్తది ఎక్కుతుంది.

ఘటన జరిగాక మొదటి ఫిర్యాదులోనే మీ కులం, అవతలివాళ్లకు అది తెలుసన్న సంగతి, వాళ్లు అన్న మాటలు అన్నట్టుగానే రాయండి. మర్యాద కోసం కుల దూషణ అని పొడిగా రాస్తే కేసు పలచబడుతుంది. అట్రాసిటీ చట్టం 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. పరిధి కాదన్న మాట కూడా చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్ష సంహిత 173 సెక్షన్ కింద ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. ఆన్‌లైన్‌లోనూ ఇవ్వవచ్చు, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెడితే చాలు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని విధి నిర్వహించకపోతే అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది జైలు. 112 ఫిర్యాదు నంబర్, కాల్ చేసిన గంట ఇక్కడ అక్కరకొస్తాయి: మాకు ఎవరూ చెప్పలేదని ఎవరూ అనలేరు. ప్రిన్సిపాల్‌కు ఇచ్చిన ప్రతి కాగితం మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి, వేయకపోతే అదే కాగితాన్ని మెయిల్ చేయండి. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ తీసినా అసలు చాట్ చెరిపేయకండి, ఆ ఫోన్ అమ్మకండి.

అమెరికా వెళ్లిన మన విద్యార్థులకు అక్కడి కాలేజీ నుంచి నేరుగా ఫోన్‌కు అలర్ట్‌లు వస్తుంటాయి. దాని వెనక 1990లో వచ్చిన క్లెరీ చట్టం ఉంది. 1986లో హాస్టల్ గదిలో హత్యకు గురైన విద్యార్థిని పేరు మీద ఆమె తల్లిదండ్రులు సాధించుకున్న చట్టం అది. క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్కను ఏటా బయటపెట్టాలని అది కాలేజీలను కట్టడి చేసింది. అక్కడ కులం లేదని కాదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కులాన్ని వివక్ష నిరోధక విధానంలో చేర్చాల్సి వచ్చింది. లెక్క దాచడం మాత్రం అక్కడ అంత తేలిక కాదు.

మన దగ్గర ఆ చట్టం లేదు, సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో, తెల్లరేషన్ కార్డు కుటుంబాలకు అదీ లేకుండా, ప్రభుత్వ యూనివర్సిటీని అడగవచ్చు. వివక్ష నిరోధక అధికారి ఎవరు, గత ఐదేళ్లలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఒక్కొక్కటి ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు, ర్యాగింగ్ కమిటీలో ఎస్సీ, ఎస్టీ సభ్యులెందరు, ఎన్ని సీసీ కెమెరాలు పనిచేస్తున్నాయి, రికార్డింగ్ ఎన్ని రోజులు ఉంచుతారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కాలేజీకి ఈ చట్టం నేరుగా వర్తించదు, దాని గురించి అనుబంధ యూనివర్సిటీనీ, స్కాలర్‌షిప్ ఇచ్చే సాంఘిక సంక్షేమ శాఖనూ అడగాలి.